అబద్ధాల వార్తలు, మూడో అర

నలభై ఒకటో రోజు

అరలో వేడి ముప్పై నాలుగు. గాలి చెడితే బూడిదరంగుకు మారే పట్టీ లేత నీలం రంగులోనే ఉంది, భయం లేదు. గోడల చెమ్మ గుడ్డతో అద్ది పిండితే మూడు చెంబుల నీళ్లు వచ్చాయి. గాలి ఆడించే కాలిపంకా తొక్కేవాళ్లెవరూ ఇవాళ వంతు ఎగ్గొట్టలేదు.

నిన్న సాయంత్రం ఆరింటికి స్పీకరు పలకలేదు. ఇవాళ కూడా పలకలేదు.

ఈ పుస్తకంలో నేను రాయాల్సింది గాలి, వేడి, నీళ్లు. మూడో అరకు గాలి కాపరిని నేనే కాబట్టి పేరు కూడా రాయాలి: సమ్మక్క, వయసు ముప్పై నాలుగు. మిగతా విషయాలు రాయకూడదని ఎవరూ చెప్పలేదు. అందుకే రాస్తున్నాను.

ఎండ తప్పించుకోవడానికి ఈ పాత బొగ్గు గనిలో తొలిచిన అరల్లోకి దిగాక పై లోకంతో మాకున్న చుట్టరికం ఆ స్పీకరు ఒక్కటే. వేసవి మూడు నెలలూ పైన నీడబురుజులో నలుగురు కాపలా ఉంటారు. వాళ్లలో రవళి అనే అమ్మాయి రోజూ సాయంత్రం మాట్లాడుతుంది. ముందు "పైనుంచి రవళి" అంటుంది. కొంచెం ఆగి, గొంతు సవరించుకుని, బయట వేడి ఎంతో, తలుపులు తీయడానికి ఇంకా ఎన్ని రోజులో చెబుతుంది. చివర్లో ఒక చిన్న ముచ్చట. మొన్న చెప్పింది: యాభై ఐదు డిగ్రీలు, యాభై ఒక్క రోజు, నీళ్ల ట్యాంకు నీడలోకి ఒక ఉడుత వచ్చింది. మేము ఆమె మాట వినగలం, మా మాట ఆమెకు వినిపించదు. పదకొండు మందిమి ఆ ఉడుత గురించి రెండు రోజులు మాట్లాడుకున్నాం.

నలభై రెండో రోజు

వేడి ముప్పై నాలుగు. పట్టీ నీలం.

పొద్దున గొట్టం దగ్గర చెల్లెలితో మాట్లాడాను. మా పక్కది నాలుగో అర. చీట్లు వేసి మనుషుల్ని పంచారు కాబట్టి ఒక తల్లి పిల్లలం గోడకు చెరో వైపు పడ్డాం. రెండు అరల మధ్య పాత గాలి గొట్టం ఒకటి ఉంది, పిడికిలి పట్టేంత వెడల్పు. రోజూ పొద్దున పది నిమిషాలు బిరడా తీసి మాట్లాడుకోవచ్చు. తర్వాత బిగించాలి. ఒక అర చెడిపోతే ఆ చెడు రెండో అరకు పాకకూడదని నియమం.

"మీకు రవళి మాట ఇనవడ్డదా అక్కా?" అని అడిగింది సారక్క.

"లేదు చెల్లె. మీకు?"

"మాకూ లేదు. కొమురయ్య కాక రెండు దినాల సంది స్పీకరు కిందనే కూసున్నడు. తింటలేడు."

కొమురయ్య నాలుగో అర పెద్ద. రవళి ఆయన ఒక్కగానొక్క కూతురు. మాకు ఆగిపోయింది వార్తలు. ఆయనకు ఆగిపోయింది బిడ్డ.

నలభై నాలుగో రోజు

వేడి ముప్పై నాలుగున్నర.

ఆరు గంటలవుతోందంటే అందరూ అలవాటుగా స్పీకరు కింద చేరుతున్నారు. అది పలకదు. ఎవరూ లేవరు. ఇవాళ లారీ డ్రైవరు బక్కన్న దాన్ని చెప్పుతో కొట్టాడు. ఆయన భార్య ఏడ్చింది. పిల్లలిద్దరూ తల్లిని చూసి ఏడ్చారు. తొక్కు సీసా దగ్గర ఇద్దరు ఆడవాళ్లు గొడవపడ్డారు. గది అదే, మనుషులు వాళ్లే, కానీ మధ్యాహ్నం నుంచి నాకు గోడలు ఒక మూర లోపలికి జరిగినట్టు అనిపించింది. కొలిచి చూశాను. జరగలేదు. కొలిచానని కూడా రాస్తున్నాను.

నలభై ఐదో రోజు

ఆట మొదలైంది.

ఆరింటికి నసీం టీచర్ లేచి, స్పీకరు కింద స్టూలు వేసుకుని, గరిటెను మైకులా పట్టుకుని కూర్చుంది. ఆమె పైన బడిలో పిల్లలకు లెక్కలు చెబుతుంది. నవ్వని మనిషి.

"పైనోళ్లు సదవకపోతే మన వార్తలు మనమే సదువుకుందాం," అంది. "నేను సదువుతుంటే ఎవరైనా ఒక మాట విసరండి. ఏ మాటైనా సరే, గుక్క తిప్పుకోకుండ దాన్ని వార్తల కలపాలె. ముందుగాల ఎవరు నవ్వితే వాళ్లు పంకా ఇంకో పావుగంట తొక్కాలె."

"పసిపోరగాండ్ల ఆట," అన్నాడు బక్కన్న.

నసీం టీచర్ వినిపించుకోలేదు. గొంతు మార్చి అందుకుంది. "నమస్కారం. ముఖ్యాంశాలు. మూడో అరలో జొన్నగటక వరుసగా పన్నెండో రోజు కూడా విశ్వాస పరీక్ష నెగ్గింది. ప్రతిపక్షంలో ఉన్న మామిడి తొక్కు సీసా అడుగంటింది."

"గొడుగు!" అన్నారెవరో.

"గొడుగు గుర్తు మీద నిలబడ్డ ఎండు చిక్కుడు గింజలకు డిపాజిట్ కూడా దక్కలేదు. ఎంత నానబెట్టినా తమ వైఖరి మెత్తబడదని అవి ప్రకటించాయి. మరిన్ని వివరాలు మా విలేకరి ఓదెలు అందిస్తారు. ఓదెలు గారూ, అక్కడ పరిస్థితి ఎలా ఉంది?"

ఓదెలు తాత ఈ గనిలో బొగ్గు తవ్విన చివరివాళ్లలో ఒకడు. డెబ్బై దాటాయి. గోడకు ఆనుకుని కునుకుతున్నాడనుకున్నాం. కళ్లు తెరవకుండానే చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఆఁ నసీం గారూ, నేనిప్పుడు గంజు అడుగున నిలవడి ఉన్న. ఈడ మాడు వాసన మస్తు వస్తున్నది. మాడిందంత నాదేనని ఒక పిల్లి కోర్టుల దావా ఏసింది."

"అక్కడ పిల్లి ఎక్కడిది ఓదెలు గారూ?"

"గదే నేనూ అడిగిన. విలేకర్లకు జవాబు చెప్పనన్నది."

ముందుగా నవ్వింది బక్కన్నే. పంకా ఎక్కి తొక్కుతూ కూడా నవ్వాడు.

నలభై ఏడో రోజు

వేడి ముప్పై నాలుగు. పట్టీ నీలం. నీళ్లు మూడు చెంబులు.

ఇప్పుడు ఆరింటి కోసం అందరూ ఎదురు చూస్తున్నారు. దానికి అబద్ధాల వార్తలని పేరు పెట్టారు. పొద్దున చెమ్మ తుడుస్తూనే ఎవరికి వాళ్లు మాటలు ఏరుకుని దాచుకుంటున్నారు. నిన్న బక్కన్న వ్యాపార వార్తలు చదివాడు. దోమలు లేక దోమతెరల పరిశ్రమ దివాళా తీసిందని, ఆ దుఃఖంలో ఒక దోమతెర తనను తానే చింపుకుందని చెప్పాడు. అన్నీ ఒక్క చిరునవ్వు లేకుండా. ఆయనకు ఇంత విద్య ఉందని భార్యకు కూడా తెలియదట.

నన్ను రేపు వాతావరణం చదవమన్నారు. నాకు చిన్నప్పటి నుంచి ఇతరుల గొంతులు తీసే అలవాటు ఉంది. పెళ్లిళ్లలో నన్ను పిలిచి మరీ చేయించుకునేవారు.

నలభై ఎనిమిదో రోజు

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆరింటికి స్టూలు మీద కూర్చున్నాను. పంకా తొక్కేవాళ్లు కూడా ఆట చూడాలని కాళ్లు ఆపారు. అర నిశ్శబ్దంగా ఉంది. నేను ఏ గొంతు తీయబోతున్నానో ఎవరికీ చెప్పలేదు.

"పైనుంచి రవళి," అన్నాను. ఆగాను. గొంతు సవరించుకున్నాను. "ఇయ్యాల్టి వేడి ముప్పై ఒకటి."

ఎవరో శ్వాస లోపలికి పీల్చుకున్న చప్పుడైంది.

"నిన్నటి సంది వాన ఆగుతలేదు. గోదారి నిండింది. బురుజుల మేం నలుగురం తడుసుకుంట ఆడుతున్నం. తలుపులు యాభై రెండో దినమే తీస్తరు. లోపలున్నోళ్లు బట్టలు సర్దుకోండ్రి."

ఇక్కడ ఎవరైనా ఒక మాట విసరాలి. కప్పో, కుర్చీయో, ఏదో ఒకటి. ఎవరూ విసరలేదు. కప్పల ఊరేగింపు ఒకటి సిద్ధం చేసుకున్నాను కానీ అది చెప్పే ధైర్యం రాలేదు. బక్కన్న భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. ఓదెలు తాత గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"బాగ చేసినవు సమ్మక్కా," అంది నసీం టీచర్ మెల్లగా. "మళ్ల చెయ్యకు."

తర్వాత పంకా మొదలైంది. పట్టీ చూడటానికి గోడ దగ్గరికి వెళితే గొట్టం బిరడా నేల మీద ఉంది. పొద్దున చెల్లెలితో మాట్లాడాక బిగించడం మరిచింది నేనే. బిగించాను.

నలభై తొమ్మిదో రోజు

గొట్టం తెరిచేసరికి అవతల పాటలు వినిపించాయి.

"అక్కా! యాభై రెండో దినమేనట గద! మీ స్పీకరు ఎప్పుడు బాగైంది? ముందుగాల మాకెందుకు చెప్పలే?" సారక్క గొంతులో నవ్వు ఆగడం లేదు. ఆమెకు ఆయాసం ఉంది, ఎక్కువ మాట్లాడితే ఎగపోస్తుంది. ఇవాళ అది కూడా లెక్క చేయలేదు.

నేను నోరు తెరిచేలోపు కొమురయ్య గొట్టం అందుకున్నాడు.

"సమ్మక్కా, బిడ్డా, మీరు సల్లగుండాలె. తొమ్మిది దినాలు. తొమ్మిది దినాలు నేను అది సచ్చిందనుకున్న. నిన్న దాని గొంతు ఇన్న. గదే గొంతు. గట్లనే ఆగి, గట్లనే సవరించుకునుడు. వానల ఆడుతున్నదట! సలి చేస్తది దానికి, చెప్పినా ఇనది." ఆయన నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో అర్థం కాలేదు. "రాత్రి బువ్వ తిన్న బిడ్డా. కడుపు నిండ తిన్న."

చెప్పలేకపోయాను. "మంచిది కాకా," అన్నాను. ఆ రెండు మాటలూ నేనే అన్నాను.

విషయం విని నసీం టీచర్ నా చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడే చెప్పు. పొద్దు గడిచినకొద్ది బరువైతది."

"రేపు చెప్త," అన్నాను.

యాభయ్యో రోజు

చెప్పాను.

ముందు చెల్లెలికి చెప్పాను. ఆట అని, అబద్ధాల వార్తలని, బిరడా నేనే మరిచానని. 

"నిజం చెప్పక్కా. మీ అరోళ్లు చెప్పమన్నరా గిట్ల?"

"ఎందుకు చెప్పమంటరు చెల్లె?"

"ముందుగాల బయటికి పోయినోళ్లకే ట్యాంకు కాడి మంచి ఇండ్లు దొరుకుతయని. మేం ఆగమై లోపలుంటే మీరు పోయి పట్టుకుంటరని. మా అరల అందరూ గదే అంటున్నరు."

కొమురయ్య వచ్చాడు. నేను మొత్తం మళ్లీ చెప్పాను. ఆయన మధ్యలో ఆపకుండా విన్నాడు.

"నువ్వు గాలి కాపరివి. గాలి మంచిదో చెడ్డదో నువ్వు చెప్తే పదకొండు మంది నమ్మి ఊపిరి పీలుస్తరు. అసొంటిదానివి వానతోని పరాచికాలు ఆడుతవా? ఆడవు. నిన్న 'మంచిది కాకా' అన్నవు. ఇయ్యాల కాదంటున్నవు. ఏది నమ్మాలె?"

 అబద్ధాన్ని ఒక్కసారి వింటే నమ్మారు. నిజాన్ని ఆరుసార్లు చెప్పాను.

యాభై రెండో రోజు

వేడి ముప్పై నాలుగు పొద్దున. సాయంత్రానికి ముప్పై ఐదున్నర.

ఇవాళ తలుపులు తెరుచుకోలేదు. తెరుచుకోవని మాకు తెలుసు. నాలుగో అరలోని తొమ్మిది మందీ మూటలు కట్టుకుని పొద్దున్నుంచి తలుపు ముందు కూర్చున్నారు. మధ్యాహ్నం తర్వాత ఇనుము మీద ఇనుము మోగిన చప్పుడు మొదలైంది.

గొట్టం తీసి పిలిచాను. సారక్క వచ్చింది.

"బయటి పిడి పట్టేసి ఉంటది, ఆళ్లు తియ్యలేకపోతున్నరు అంటున్నడు కాక. లోపలి బోల్టులు మేమే తీస్తున్నం. పన్నెండున్నయి. రెండు ఊడినయి."

"చెల్లె, తలుపు అంచు కాడ చెయ్యి పెట్టి చూడు. వేడి తగులుతున్నదా లేదా?"

"తగులుతున్నది. సొరంగంల నిలవ ఉన్న పాత వేడంట. పైకి పోతే సల్లగుంటదంట."

ఆ సొరంగంలో వేడి యాభై పైమాటే. గని మూతి దాకా కిలోమీటరున్నర ఎక్కుడు. మూతి తలుపుకు లోపలి వైపు పిడి కూడా లేదు. ఇదంతా అరిచి చెప్పాను. చెల్లెలు విన్నది, వెనక్కి తిరిగి వాళ్లకూ చెప్పింది. చప్పుడు ఆగలేదు.

మా అరలో పంచాయతీ అయింది. రూల్సు పుస్తకం బక్కన్న చేతిలో ఉంది. పక్క అర తలుపు తెరిచే ప్రమాదం ఉంటే గొట్టం వెంటనే మూసి మట్టితో మెత్తాలని అందులో ఉంది.

"నాకిద్దరు పిల్లలున్నరు," అన్నాడు బక్కన్న. ఆయన గట్టిగా అనలేదు. "ఆ తలుపు తెరిస్తె వేడంత గీ గొట్టంల నుంచి మన మీదికి వస్తది. నీ చెల్లె ఆడున్నదని నాకెర్కే. అయినా అడుగుతున్న. ఏం చేద్దాం చెప్పు."

"గొట్టం మూస్తే ఆళ్లతోని మాట్లాడే దారి ఉండదు," అంది నసీం టీచర్.

"మాట్లాడితె నమ్మిండ్రా?"

ఓదెలు తాత లేచి కూర్చున్నాడు. "గనిల రూలు ఒక్కటే ఉండె మాకు. పక్కోడు గోడ కొడుతున్నంతసేపు మనం ఆణ్ని ఇడిసిపోవద్దు. ఆడు కొట్టుడు ఆపినంక సూద్దాం."

చివరికి బక్కన్న ఒప్పుకున్నాడు. బిరడా, తడిమట్టి ముద్ద చేతిలో పెట్టుకుని గొట్టం పక్కనే కూర్చుంటాడు. పదకొండో బోల్టు ఊడిన చప్పుడు వినగానే గొట్టం మూసేస్తాడు. అది న్యాయమే. నేనూ సరేనన్నాను. ఆ మట్టి నేనే తడిపి ఇచ్చాను.

యాభై మూడో రోజు

వేడి పొద్దున ముప్పై ఆరు. గొట్టంలోంచి వెచ్చటి గాలి ముఖానికి కొడుతోంది.

తెల్లవారి వాళ్లు మళ్లీ మొదలుపెట్టారు. ఏడు. ఎనిమిది. చప్పుడు ఆగినప్పుడల్లా సారక్క వచ్చి లెక్క చెబుతోంది. ఆమెకు ఆయాసం పట్టుకుంది, మాటకూ మాటకూ మధ్య ఈల వినిపిస్తోంది. తొమ్మిది. బక్కన్న నా ముఖం చూడటం మానేశాడు.

పది ఊడినప్పుడు "కొమురయ్య కాకను పిలువు," అన్నాను. "ఆఖరుసారి. ఇగ పిలువ."

ఆయన వచ్చాడు. రొప్పుతున్నాడు. "ఏందో తొందరగ చెప్పు బిడ్డా. ఇంక రెండే ఉన్నయి."

"కాకా, నువ్వు ఇన్నది రవళి గొంతు కాదు. నా గొంతు."

"నా బిడ్డ గొంతు నాకెర్క లేదా?"

"ఎర్కే. అందుకే నువ్వే చెప్పాలె."

గొట్టానికి నోరు దగ్గరగా పెట్టాను. పక్కన బక్కన్న, వెనక నసీం టీచర్, అందరూ చూస్తున్నారు. దేనికైనా ఇంత భయపడిన గుర్తు లేదు.

"పైనుంచి రవళి." ఆగాను. గొంతు సవరించుకున్నాను. "ఇయ్యాల్టి వేడి ముప్పై ఒకటి."



"స్పీకరు పెట్టినవు," అన్నాడు కొమురయ్య. "స్పీకరు గొట్టం కాడ పెట్టినవు."

"స్పీకరు అడిగింది చెప్పదు కాకా. నువ్వు అడుగు. ఏ మాట అనమంటే ఆ మాట అంట."

 తర్వాత ఆయన గొంతు వచ్చింది, చిన్నగా, పక్కవాళ్లకు వినపడకూడదన్నట్టు.

"'బాపూ, బీపీ గోళీలు మర్వకు' అను."

"బాపూ," అన్నాను రవళిలా. "బీపీ గోళీలు మర్వకు."

"'నేను మంచిగనే ఉన్న' అను."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. గొంతు మాత్రం ఆమెలాగే వచ్చింది. "నేను మంచిగనే ఉన్న."

అవతల రాతినేల మీద ఇనుప పానా పడిన చప్పుడు.

"సాలు," అన్నాడు కొమురయ్య. "సాలు తల్లీ, ఆపు."

ఆపాను.

"అయితే నా బిడ్డ..."

"నాకు తెల్వదు కాకా. స్పీకరు ఆగినకాంచి ఎవ్వలికీ తెల్వదు. ఉన్నదని నేను చెప్పలేను. లేదని కూడ చెప్పలేను."

ఎంతసేపు గడిచిందో రాయలేను. అరలో గడియారం వైపు ఎవరూ చూడలేదు. అవతల ఒక మగ గొంతు, "కాకా, ఇంక రెండే, తీద్దామా?" అని అడిగింది. కొమురయ్య జవాబు మాకు స్పష్టంగా వినిపించింది.

"ఊడినయన్నీ పెట్టుండ్రి. గట్టిగ బిగించుండ్రి. మూటలిప్పుండ్రి."

బక్కన్న చేతిలోని మట్టి ముద్ద ఎప్పుడో ఎండి వేళ్లకు అతుక్కుపోయింది. దాన్ని గోక్కుంటూ కూర్చుండిపోయాడు.

యాభై నాలుగో రోజు

వేడి ముప్పై ఆరు.

పదింటిలో ఎనిమిది బిగిశాయి. రెండింటి మర చెడిపోయింది. అంచునుంచి వేడి కారుతోంది. ఓదెలు తాత గొట్టంలోంచి చెప్పాడు: గోనెపట్టా చించి మట్టిలో ముంచి సందులో కుక్కాలి, దాన్ని రోజంతా తడిగా ఉంచాలి. తడపడానికి వాళ్ల నీళ్లు చాలవు.

రబ్బరు ట్యూబు గొట్టంలోంచి పంపి ఇక్కడి నుంచి నీళ్లు పోయాలని తేల్చాం. నా వంతులో సగం ఇస్తానన్నాను. నేను చేసిన పని కాబట్టి. మిగతావాళ్లను అడగలేదు, అడిగే ముఖం లేదు. బక్కన్న తన గ్లాసు తెచ్చి ట్యూబులో వంచాడు. తర్వాత వరుసగా అందరూ తెచ్చారు. 

అరవై ఒకటో రోజు

వేడి ముప్పై ఐదు. పట్టీ నీలం తగ్గింది కానీ బూడిదరంగు కాలేదు. నీళ్లు రెండున్నర చెంబులు, అందులో ఒకటి అవతలికి.

సారక్క ఎనిమిది రోజులుగా నాతో మాట్లాడటం లేదు. గొట్టం దగ్గరికి ఇంకెవరో వచ్చి ట్యూబు పట్టుకుంటున్నారు. ఇవాళ ఈల వినబడి ఆమేనని గుర్తుపట్టాను.

"చెల్లె?"

"నీళ్లు పొయ్యి. పట్టుకున్న."

పోశాను. ట్యూబు ఖాళీ అయ్యాక కూడా ఆమె కదల్లేదు.

"కాక రోజూ గోళీలు ఏసుకుంటున్నడు," అంది. "మర్వకుండ." తర్వాత వెళ్లిపోయింది.

ఆరింటికి ఎవరూ స్పీకరు కింద కూర్చోవడం లేదు. ఆట మళ్లీ ఆడలేదు. కావాలనే ఆ గంటకు చెమ్మ తుడిచే పని పెట్టుకున్నాం. దాహం వల్ల నిద్ర పట్టదు. గోడలు కొలవడం మానేశాను. అవి ఎక్కడున్నాయో ఇప్పుడు నా ఒంటికే తెలుసు.

డెబ్బై ఎనిమిదో రోజు

కొమురయ్య నన్ను పిలవమన్నాడట. అప్పటి తర్వాత ఇదే మొదటిసారి.

"సమ్మక్కా, ఒకటి అడుగుత. కోపం చెయ్యకు. ఆ మాట... 'పైనుంచి రవళి' అని, గదొక్కటి, ఒక్కపారి అంటవా? అబద్ధమని ఎర్కయ్యే అడుగుతున్న."

గొట్టం అంచు పట్టుకుని నిలబడ్డాను. అనగలను. ఆ గొంతు నా నాలుక చివర ఉంది.

"అనను కాకా," అన్నాను. "ఇవ్వమంటే నీళ్లిస్త. అది ఇయ్య."

 "మంచిదే," అన్నాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తొంభై ఒకటో రోజు

ఇది బయట కూర్చుని రాస్తున్నాను.

తలుపులు నిన్న తెరవాలి, తెరవలేదు. ఇవాళ పొద్దున తెరిచారు. ముందు మా అర, తర్వాత నాలుగోది. సొరంగంలో ముప్పై ఎనిమిది డిగ్రీల గాలి చల్లగా తగిలింది. సారక్క బయటికి వచ్చి నా ముందు నిలబడింది. సగం అయిపోయింది మనిషి. నేను కూడా అలాగే కనిపించానేమో, నా భుజం మీద చెయ్యి వేసి బరువు ఆన్చింది. అలాగే ఎక్కాం.

కొమురయ్య మా ముందు నడుస్తున్నాడు.  తలుపులు తీయడానికి వచ్చిన ఇద్దరూ కొత్తవాళ్లు. బురుజు సంగతి వాళ్లను అడగమని ఎవరో అన్నారు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

రెండో మలుపు దగ్గర ఓదెలు తాత ఆగాడు. స్పీకరు తీగ పైకప్పు నుంచి వేలాడుతోంది. తొడుగు కరిగి, మూరెడు మేర రాగి తెగిపోయి నల్లబడింది. ఆయన దాన్ని చేత్తో పైకి తోసి, ఎవరికీ కనపడకుండా దూలం వెనక దోపాడు. ఎందుకని నేను అడగలేదు.

మూతి దగ్గర వెలుతురుకు కళ్లు మూసుకుపోయాయి. వాన లేదు, మబ్బు ఉంది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఎండకు కమిలిపోయింది, జుట్టు కురచగా కోసుకుంది, చేతిలో నీళ్ల డబ్బా. కొమురయ్య అక్కడే నిలిచిపోయాడు. 

"బాపూ," అంది.

ఆ గొంతు నాకు తెలియదు. బొంగురుపోయి, మధ్యలో తెగిపోతోంది. నేను తొంభై రోజులు మోసిన గొంతు ఆమె దగ్గర లేదు.

"రోజూ సదివిన బాపూ. ఒక్క దినం గూడ తప్పలే. జరమొచ్చినా సదివిన. గొంతు పోయినా సదివిన. ఇన్నవా?"

వెనక పంతొమ్మిది మందిమి ఉన్నాం.  కొమురయ్య నెమ్మదిగా తల తిప్పి నా వైపు చూశాడు. తర్వాత బిడ్డ వైపు తిరిగాడు.

"ఇన్న బిడ్డా. రోజూ ఇన్న."

ఆమె ముఖం వెలిగింది. మా వైపు చూసింది. "అందరికి ఇనవడ్డదా?"

"ఇనవడ్డది," అన్నాను. నా గొంతుతోనే అన్నాను. "మంచిగ ఇనవడ్డది." బక్కన్న కూడా అవునన్నాడు. నసీం టీచర్ తలూపింది.

"అరవై మూడో దినం చివర్ల నీకొక్కనికని ఒక ముచ్చట చెప్పిన గద," అంది తండ్రితో, సిగ్గుపడుతూ. "ఏమనుకున్నవో అని భయపడ్డ. ఏమంటవు మరి?"

కొమురయ్య నోరు తెరిచి మూశాడు.  నాకు ఒక మాట అందించాలనిపించింది, కానీ నా దగ్గర ఏ మాటా లేదు.

ఆయన ముందుకు నడిచి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. "గా డబ్బాల ఇనుడు ఒక ఇనుడేనా బిడ్డా?" అన్నాడు. "మళ్ల చెప్పు. ఎదురుంగ చెప్పు. సక్కగ ఇంట."

రవళి ఆయన చెవి దగ్గర వంగింది. నేను చెల్లెలి చెయ్యి పట్టుకుని ట్యాంకు వైపు నడిచాను. రవళి ఏం చెప్పిందో నాకు తెలియదు. వినేంత దగ్గర నేను నిలబడలేదు.